మాగిన చుట్టకు పచ్చివాసన

మీసాలాయన చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. మూడూ పది. ఐదింటికి పోలీసులకు ఫోను చేస్తాననీ, ఈలోగా నా కొడుకు నోరు విప్పితే వాడికే మంచిదనీ చెప్పాడు. అరిచి చెప్పి ఉంటే నాకింత భయం వేసేది కాదు. మెల్లగా చెప్పాడు, ఆపరేషన్ చేసి బయటికొచ్చిన డాక్టరు చెప్పినట్టు.

నా కొడుకు ఆ చుట్టల కంపెనీలో మాగుడు గది చూసుకుంటాడు. కొనేవాళ్లు వాటిని సిగార్లంటారు, పెట్టెల మీద కూడా అలాగే ఉంటుంది గానీ, లోపల పనిచేసేవాళ్లకు అవి చుట్టలే. చుట్టడం అయిపోగానే అమ్మేస్తే అవి ఉత్త చుట్టలు. దేవదారు చెక్క అరల మీద ఏళ్ల తరబడి దాస్తే, పండు మాగినట్టు మాగి, ధర పదింతలవుతుంది. నిన్న పాత ఖాతాదారు ఒకాయన వచ్చి, తన కోసం పదేళ్లుగా దాచి ఉంచిన పెట్టెలోంచి ఒకటి తీయించి వెలిగించాడు. రెండు దమ్ములు లాగి పక్కన పెట్టేశాడట. ఇది పదేళ్ల చుట్ట కాదు, పోయిన నెల చుట్టింది, నాలుక కొరుకుతోంది, నావి ఏమయ్యాయి అని అడిగాడట. పెట్టెల్లో లెక్క తగ్గలేదు. అంటే ఎవరో పాతవి ఎత్తుకుపోయి కొత్తవి పెట్టారు. గది తాళంచెవి పగలంతా ఉండేది నా కొడుకు మొలతాడుకి. కంపెనీ కాపలా అంతా మీసాలాయన చేతిలోనే ఉంది కాబట్టి, ఆయన దృష్టిలో కేసు అక్కడితో తేలిపోయింది.

నిన్నటి నుంచి నేను వాణ్ణి జైల్లోనే చూస్తున్నాను. అక్కడి నేల చల్లగా ఉంటుంది, వీడికేమో చిన్నప్పట్నుంచీ ఛాతీలో గురగుర. పక్కన ఎలాంటి వాళ్లను పడేస్తారో. ఎలాగోలా బయటికొచ్చినా ఉద్యోగం ఎవరిస్తారు? దొంగ అన్న పేరు చొక్కాకి పట్టిన పొగాకు కంపులాంటిది, ఎన్ని నీళ్లలో జాడించినా పోదు. అందుకే తెల్లారేసరికి మా మరిదికి కబురు పెట్టాను.

మా మరిది పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు చూసుకుంటున్నాడు. ఇతనూ మీసాలాయనా ఒకప్పుడు ఒకే స్టేషన్లో పనిచేశారు. అప్పటి తగువు ఇంకా ఆరలేదు. ఎవరినో పట్టుకోబోతే తలకి దెబ్బ తగిలి, ఆ రోజు నుంచి మా మరిదికి వాసన అన్నది తెలియదు. మల్లెపువ్వూ మురిక్కాలవా ఒకటే అతనికి.

“అమ్మగారు జాగిలాన్ని వెంటబెట్టుకొచ్చారు. పాపం, దానికి ముక్కు పనిచెయ్యదు” అన్నాడు మీసాలాయన.

“నీ పక్కన కూర్చోవలసి వచ్చినప్పుడు అదొక వరం” అన్నాడు మా మరిది, కుర్చీ లాక్కుని.

ఆ గదిలో ఇంకొకరున్నారు, యజమానిగారి అల్లుడు. అమ్మకాలన్నీ ఆయనే చూసుకుంటాడు. నాకు మంచినీళ్లు తెప్పించి, మీ అబ్బాయి మా ఇంట్లో పిల్లాడిలాంటివాడు, నాకే మనసొప్పడం లేదు అన్నాడు. ఆ మాటకి నా కళ్లు చెమర్చాయి కూడా. పెద్దాయనకి, అంటే యజమానిగారికి, గుండె బాగోలేదనీ, కంపెనీ వెనక గోడని ఆనుకున్న ఇంట్లో పడుకునే ఉంటారనీ, ఈ గొడవ ఆయన చెవిన పడితే ప్రాణానికే ముప్పనీ, అందుకే ఎవరూ చెప్పకూడదని తనే కట్టడి చేశాననీ వివరించాడు.

మా మరిది నా కొడుకుని అడగాల్సినవన్నీ అడిగాడు. తాళంచెవి ఎప్పుడైనా చేయి మారిందా? లేదు. రెండో తాళంచెవి ఎక్కడుంటుంది? మీసాలాయన అలమారలో. గదిలో నువ్వు లేకుండా ఎవరైనా వచ్చారా? రాలేదు. అన్నింటికీ టకటకా చెబుతున్నవాడు, మధ్యాహ్నం భోంచేశాక ఎక్కడికి వెళ్తావని అడిగేసరికి నేల చూపులు చూశాడు.

“నేను చెప్తాను” అన్నాడు మీసాలాయన. “చొక్కా కింద చుట్టల కట్ట పెట్టుకుని పోవడం నా కాపలావాడు కళ్లారా చూశాడు. ఒకసారి కాదు.”

“ఎటు పోవడం? గేటు వైపా?”

“కాదు. ఇంటి వైపు.”

“దొంగిలించి లోపలికి పట్టుకుపోయే దొంగని నా సర్వీసులో చూడలేదు.”

“ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. నీకదే మంట.”

మా మరిది నా కొడుకు వైపు వంగి, ఎవరి దగ్గరికి వెళ్తున్నావురా అని తగ్గు గొంతుతో అడిగాడు. వాడు “మాటిచ్చాను బాబాయ్” అన్నాడు.

నా బుర్ర ఊరుకుంటుందా? ఎవరికిచ్చాడు మాట? ఏ ముఠాలో ఇరుక్కున్నాడు? ఎవరైనా వీణ్ణి బెదిరిస్తున్నారా? అన్నం తిన్నాక నాలుగు మాటలైనా చెప్పే పిల్లాడు ఈ మధ్య ఎందుకు ముభావంగా ఉంటున్నాడు? తల్లిని, నాకు తెలియకుండా వీడికి ఇంకో గుట్టు ఉండటమే నన్ను సగం చంపేసింది.

మాగుడు గది చూడాలన్నాడు మా మరిది. గుమ్మం దగ్గర నా కొడుకు అలవాటు కొద్దీ మమ్మల్ని ఆపాడు. లోపలికి పువ్వులు పెట్టుకుని రాకూడదు, సెంటు పూసుకుని రాకూడదు, తలకి వాసన నూనె ఉండకూడదు. చుట్ట ఊపిరి పీలుస్తుందట, పక్కన ఏ వాసన ఉంటే దాన్ని తనలోకి లాక్కుంటుందట. నెత్తి మీద కత్తి వేలాడుతున్నా వాడు ఆ నియమం వదల్లేదు. నేను కుళాయి దగ్గర ముఖానికున్న పౌడరు కడుక్కొచ్చాను. మీసాలాయన నశ్యం డబ్బా బయట పెట్టి, ముక్కు తుడుచుకుని వచ్చాడు. అల్లుడుగారు సెంటు పూసుకుని ఉన్నాడు కాబట్టి గుమ్మం బయటే నిలబడిపోయాడు.

లోపల గాలి తడిగా, బరువుగా ఉంది. మూడు వైపులా అరలు, వెనక గోడకి నిలువునా చెక్కల తాపడం. ఆ గోడ పక్క వరసలోనే ఖాతాదారు పెట్టెలున్నాయి. మా మరిది ఒక పెట్టె తెరిచి నా కొడుకుని పిలిచాడు.

“నాకు వాసనా తెలియదు, సరిగ్గా రుచీ తెలియదు. గుడ్డివాడికి రంగులు చెప్పినట్టు చెప్పు. కొత్తదానికీ పాతదానికీ తేడా ఏంటి?”

ఆ ప్రశ్నతో నా కొడుకు కాసేపు తన కష్టం మరిచిపోయాడు. చుట్టిన కొత్తలో ఆకు లోపల ఇంకా ఉడుకుతూ ఉంటుందనీ, ఘాటైన గాలి ఒకటి వదులుతుందనీ, అప్పుడు కాలిస్తే నాలుక మీద మిరియాలు చల్లినట్టు ఉంటుందనీ చెప్పాడు. ఏడాది గడిస్తే ఆ కోపం చల్లారుతుందట. తర్వాత ఒక్కో ఆకూ పక్క ఆకుతో రాజీపడుతూ, ఘాటు వెనక్కి పోయి, తీపి ముందుకొస్తుందట, ఎండుద్రాక్షలాగా, పాత తోలు సంచిలాగా, వేయించిన గింజలాగా. అలాగని ఊరికే దాస్తూ పోకూడదు, మరీ ముదిరితే ఏ రుచీ లేకుండా కాగితం కాల్చినట్టే ఉంటుందన్నాడు. ఎప్పుడు ఆపాలో కనిపెట్టడమే పనంతా.

వాడు నీళ్ల గురించీ చల్లదనం గురించీ ఇంకా చెప్పేవాడే, మా మరిది చెయ్యెత్తి ఆపాడు. పెట్టెలోంచి ఒక చుట్ట తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. దాని మీద పల్చటి సెల్లోఫేన్ తొడుగుంది. కొత్తలో నీళ్లలా తెల్లగా ఉండే ఆ తొడుగు ముదురు తేనె రంగుకి తిరిగి ఉంది.

“ఆకులోని నూనె పట్టి అలా అవుతుంది. ఏళ్లు పడుతుంది” అన్నాడు నా కొడుకు.

“టీ నీళ్లలో ముంచితే అరగంటలో వస్తుంది” అన్నాడు మీసాలాయన.

“ముంచితే అంతా ఒకే రంగు రావాలి కదయ్యా.” మా మరిది తొడుగు చివర మడత విప్పి అతని ముక్కు కింద పెట్టాడు. చుట్టకి ఆనుకున్నంత మేరా తేనె రంగు. ఆకు ఆనని మడత లోపల మాత్రం తెలుపు. ఇంకా పరీక్షగా చూస్తే, ఆకు ఈనె గీత కూడా తొడుగు మీద నీడలా దిగి ఉంది. “ఇది నువ్వు వెయ్యగలిగిన రంగు కాదు, నేను వెయ్యగలిగిన రంగు కాదు.”

మీసాలాయన కళ్లజోడు తీసి పెట్టుకుని, ఇంకో నాలుగు చుట్టల మడతలు తనే విప్పి చూశాడు. మొండివాడే గానీ కళ్లెదుట ఉన్నదాన్ని లేదనే రకం కాదు.

“సరే, చుట్ట పాతదే. మరి ఆ ఖాతాదారు నాలుక అబద్ధమాడిందా? ముప్పై ఏళ్లుగా కాలుస్తున్నాడాయన.”

“అదీ నిజమే. తొడుగూ నిజం, నాలుకా నిజం. అంటే మనం చూడనిది ఇంకోటి ఉంది.” మా మరిది నా వైపు తిరిగాడు. “వదినా, కాస్త నీ ముక్కు కావాలి.”

మా ఇంట్లో పాలు విరగబోతున్నాయన్నా, గ్యాసు సన్నగా కారుతోందన్నా ముందు తెలిసేది నాకే. భయస్తుల ముక్కు చురుగ్గానే ఉంటుంది. అతను గుమ్మం దగ్గరున్న పెట్టె మూత తీశాడు. పాత చెక్కపెట్టెలో దాచిన చీరలా, కమ్మగా ఉంది. తర్వాత పెట్టె, ఆ తర్వాత పెట్టె, అదే కమ్మదనం. గది మధ్యకొచ్చేసరికి ఆ కమ్మదనం కింద ఇంకేదో సన్నగా తగిలింది. వెనక వరసకి వెళ్లేసరికి నాకు బాగా తెలిసిన వాసనే వచ్చింది గానీ, ముగ్గురు మగవాళ్ల ముందు చెప్పడానికి సిగ్గేసింది.

“చెప్పు వదినా.”

“పసిపిల్లల ఉచ్చగుడ్డ వాసన” అన్నాను.

నా కొడుకు మొహం మారిపోయింది. అది కొత్త చుట్ట వదిలే వాసన అన్నాడు. ఇన్నాళ్లూ తనకెందుకు తెలియలేదో వాడికే అంతుబట్టలేదు. రోజూ అందులోనే ఉండేవాడికి ఎలా తెలుస్తుంది? మీసాలాయన ముక్కు ఎటూ నశ్యానికే అంకితం.

“గుమ్మం వైపు లేదు, గోడ వైపు ఉంది. పెట్టెలది కాదు, గోడది. పద వదినా, ఎక్కడ ఎక్కువగా ఉందో చూడు” అన్నాడు మా మరిది.

నేను చెక్కల వెంట ఒక్కో అడుగూ వేస్తున్నాను. వెనక నుంచి నా కొడుకు, “వద్దు బాబాయ్, అక్కడ వద్దు” అన్నాడు. అంత చిన్న గొంతు వాడి దగ్గర నేనెప్పుడూ వినలేదు.

వీడికి తెలుసు. గోడ వెనక ఏదో ఉందని వీడికి తెలుసు. చొక్కా కింద కట్టలు పట్టుకెళ్లింది ఇక్కడికే. రెండు చెక్కల మధ్య సందులోంచి ఆ వాసన నా మొహాన కొడుతోంది, కళ్లు మండేంత. ఇక్కడేమీ లేదని ఒక్క మాట అంటే చాలు. మా మరిదికి వాసన తెలియదు, మీసాలాయనకి తెలియదు. నా మాటే సాక్ష్యం. నేనేమీ లేదంటే లేదు.

వాడి వైపు చూశాను. తప్పు చేసి దొరికినప్పుడు వాడి చెవులు ఎర్రబడతాయి, మూడేళ్లప్పట్నుంచీ అంతే. ఇప్పుడు ఎర్రగా లేవు. వాడు భయపడుతున్నది తన కోసం కాదనిపించింది. అనిపించడమే, రుజువేమీ లేదు. కడుపున పుట్టినవాణ్ణి ఆ మాత్రం నమ్మకపోతే ఎలా అనుకుని, చెక్క మీద చెయ్యి పెట్టాను.

“ఇక్కడే” అన్నాను.

చెక్క ఊడదీస్తే కంపెనీ ఆస్తి పగలగొట్టినట్టు ఇంకో కేసు పెడతానన్నాడు మీసాలాయన. పెట్టుకో, దాని మీదా సంతకం చేస్తానని మా మరిది జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. రెండు చెక్కలు ఊడాయి. వెనక గోడ లేదు, అలమార ఉంది. అవతలి గదిలోని గోడ అలమారకి ఈ చెక్కలే వీపన్నమాట. అందులో కట్టలు కట్టలుగా చుట్టలు, దారంతో కట్టినవి, పచ్చిగా, జిడ్డుగా.

మీసాలాయన ఒక్క అంగలో వచ్చి నా కొడుకు భుజం పట్టుకున్నాడు. ఐదు కానక్కర్లేదు, ఇప్పుడే ఫోను చేస్తానన్నాడు. నేను వాడికీ అతనికీ మధ్య దూరాను. ఏం చెయ్యగలనని దూరానో తెలియదు.

అప్పుడు అలమార అవతలి తలుపులు కిర్రుమన్నాయి. వెలుగు పడింది. ఆ వెలుగులో, కట్టల పైనుంచి, నుదుటి మీద కళ్లజోడుతో ఒక ముసలి మొహం మా వైపు తొంగిచూసింది.

“ఎవర్రా నా అలమార తవ్వుతున్నారు?” అన్నారు పెద్దాయన.

మా మరిదే నమస్కారం పెట్టి, జరిగినదంతా దాచకుండా చెప్పేశాడు. ఆయన గుండె ఏమవుతుందోనని నేను వేళ్లు నోట్లో పెట్టుకున్నాను. ఆయన గుండెకేమీ కాలేదు. వింటున్నకొద్దీ మొహం ఎర్రబడింది, అంతే. వినడం అయ్యాక మీసాలాయన వైపు చూశారు.

“వాడి భుజం మీంచి చెయ్యి తియ్యి.”

మీసాలాయన తీశాడు.

కట్ట తెచ్చిపెట్టమన్నది తనేనని పెద్దాయన చెప్పారు. డాక్టరు వద్దన్న రోజు నుంచి ఆయన నిప్పు ముట్టించలేదు. కానీ చుట్ట వాసన లేకుండా పొద్దు గడవదు. ఇంట్లో తెలిస్తే ఉత్త చుట్టని కూడా దగ్గర ఉండనివ్వరు. మొదట్లో మాగినవే తెప్పించుకున్నారట.

“వాటిల్లో నాకేమీ వినిపించడం లేదమ్మా” అన్నారు నాతో. “అవి బాగానే మాగాయి. నేనే ఎక్కువ మాగాను. అందుకని పచ్చివి తెమ్మన్నాను. అవైతే గట్టిగా అరుస్తాయి, నా దాకా వస్తాయి. ఎవరికీ చెప్పనని వీడి చేత ఒట్టు వేయించుకున్నాను. వీడి మెడకి చుట్టుకుంటుందని తెలిస్తే...”

నా కొడుకు ఇవేవీ పట్టనట్టు గోడపక్క పెట్టెల మూతలు తీస్తున్నాడు. వీటికేమీ కాలేదు బాబాయ్, గోడ అవతలి పచ్చివాసన పీల్చుకున్నాయంతే, ఆ పక్కకి మార్చి గాలి తగలనిస్తే కొన్ని నెలల్లో ఆ కంపు వదిలేస్తాయి, లోపల మాగింది మాగినట్టే ఉంటుంది, ఆ ఖాతాదారుని మళ్లీ పిలవచ్చు అన్నాడు. నిన్నటి నుంచి మొదటిసారి వాడి గొంతులో వాడు వినిపించాడు. నేను కొంగుతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాను. మీసాలాయన ఇంకెటూ చూడలేక నాకోసం స్టూలు జరిపాడు.

పెద్దాయన మాత్రం అలమారలోకే చూస్తున్నారు.

“నాది ఒక్క కట్ట. ఇదుగో, పై అరలో. వంగలేను కాబట్టి అక్కడే పెట్టించుకుంటాను. మరి కింద ఇవన్నీ ఎవరివి?”

నా కొడుకు తల అడ్డంగా ఊపాడు. తను పై అర తప్ప చూడలేదన్నాడు. మా మరిది మోకాళ్ల మీద కూర్చుని కింది కట్టలు బయటికి లాగాడు. అలమార లోతంతా అవే. ఒక్క కట్టతో పెట్టెలకి పెట్టెలు చెడిపోవడమేంటని నాకూ అప్పుడు తట్టింది. ఒక కట్ట విప్పితే, పచ్చివాసన కొడుతున్న ప్రతి చుట్టకీ బంగారు రంగు కాగితపు పట్టీ చుట్టి ఉంది, పదేళ్లు మాగినవాటికి మాత్రమే వేసేది.

“ఆ పట్టీలు ఇనప్పెట్టెలో ఉంటాయి” అన్నాడు మీసాలాయన. “దాన్ని తెరవగలిగేది ఇద్దరమే. నేను తియ్యలేదు.”

“తెలుసు” అన్నాడు మా మరిది. “నీకు మీసాలకి తప్ప దేనికీ రంగు వెయ్యడం చేతకాదు. పచ్చివాటిని పదేళ్లవని అమ్ముకునే ఆ రెండోవాడెవరు?”

“మధ్యాహ్నం నేను నిద్రపోయేటప్పుడు నా గదిలోకి వచ్చిపోయేది కూడా ఒక్కడే” అన్నారు పెద్దాయన, ఎవరినీ చూడకుండా.

అందరం ఒకేసారి గుమ్మం వైపు తిరిగాం. గుమ్మం బయట నిలబడ్డ అల్లుడుగారు అక్కడ లేడు. చూస్తుండగానే తలుపు రెక్క మెల్లగా మూసుకుంది. బయట గడియ పడింది. పరిగెత్తుతున్న చెప్పుల చప్పుడు, ఆ వెంటనే కారు తలుపు.

“పారిపోయి, నేరం నాదేనని సంతకం పెట్టేశాడు” అన్నాడు మా మరిది. మీసాలాయన అప్పటికే బెల్టు సర్దుకుని అలమారలోకి దూరుతున్నాడు, సగంలో ఇరుక్కుని, నువ్వు ముందు గేటు చూసుకో, నేను వెనక గేటుకి పోతానని వెనక్కి తిరగకుండానే అరిచాడు. మా మరిది ఎగతాళి చెయ్యలేదు. రెండు చేతులతో అతన్ని అవతలికి నెట్టి, తనూ దూకాడు.

తలుపు చప్పుడైతే చాలు ఉలిక్కిపడే మనిషిని నేను. ఇప్పుడు నిజంగానే గడియ వేసిన గదిలో ఉన్నాను, ఒక నేరస్థుడు బయట పారిపోతున్నాడు, వాడు ఇంకేం చేస్తాడో తెలియదు. అయినా నా గుండె తన పని తాను చేసుకుపోతోంది. నా కొడుకు ఎడమ చేత్తో ఒక పెట్టె పట్టుకుని, కుడిచెయ్యి నాకు అందించాడు.

“పద అమ్మా, తల వంచు, పైన మేకుంది” అన్నాడు.

తల వంచి, వాడి వెనకే ఆ వెలుగులోకి నడిచాను.